ఉప్పాఫీసు మెట్లమీది మనిషి

కావలి వాళ్ళకి సముద్రమంటే తుమ్మలపెంటే. ఆదివారం సాయంత్రం బండ్లేసుకుని పోవడం, పిల్లల్ని కాసేపు నీళ్ళలో వదలడం, చీకటి పడకముందే వెనక్కి రావడం. నేనూ అంతే. ఆ తీరం వెంబడే దక్షిణానికి, పాత పడవ కాలువను పట్టుకుని, విడవలూరు దాకా ఊరూరా ఆగుతూ పోయినవాళ్ళు మా బజారులో ఎవరూ ఉన్నట్టు లేదు. పోయిన శీతాకాలం చివర్లో నేను పోయాను. తోడు మా మేనత్త మస్తానమ్మ. మేం పోయింది విహారానికి కాదు, ఒక కట్టడాన్ని వెతకడానికి. అయినా చూసింది చూసినట్టు రాస్తే ఆ దారిన పోదామనుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

కథ మా ఇంట్లోనే మొదలైంది. మా నాయన చనిపోయాక ఆయన గదికి సున్నం వేయిద్దామని గోడల మీది పటాలు దించాం. మక్కా పటం వెనక అట్ట ఊడిపోయి, లోపలినుంచి ఒక పాత ఫొటో జారి పడింది. అందులో మా తాత, అంటే నాయన తండ్రి, నిలబడి ఉన్నాడు. వెనక పెద్ద కట్టడం. లావుపాటి గుండ్రటి స్తంభాలు, మూడు కమానులు, పెంకుల కప్పు, కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే మెట్లు. ఆ మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాది నిండని బిడ్డ.

ఆ మనిషి తాత భార్య, మా జేజి కాదు. చీర కట్టులోనే తెలిసిపోతోంది. ముఖం చూసి చెప్పడానికి ముఖం లేదు. ఎవరో గీకేశారు. నాది కళ్ళద్దాల కొట్టు. భూతద్దం పెట్టి చూశాను. ఒక్క ఊపులో, కోపంలో గీకింది కాదది. సూదితో, ఓపిగ్గా, అడుగున తెల్ల కాగితం బయటపడేదాకా గీకిన పని.

అత్తకి చూపిస్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "నేను ఎప్పట్నుంచో అనుకుంటానే ఉండా" అంది. మా తాత ఉప్పు వ్యాపారి. పడవ మీద కాలువెంట పోయి ఉప్పు కొని తెచ్చేవాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదట. ఎవరైనా కాలువ ఊసెత్తితే జేజి లేచి పక్కగదిలోకి పోయేదట. మా తాతకి ఎక్కడో ఇంకో సంసారం ఉందని అత్త చిన్నప్పటినుంచీ అనుమానపడుతూనే ఉంది. ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. తోడబుట్టిన నా తండ్రి కూడా పోయాడు. ఆ ఇల్లు ఎక్కడుందో, ఆ బిడ్డ ఏమైందో తేలకుండా తాను పోనంది. మా అబ్బాయి ఫొటోని ఫోనులో పెట్టి నలుగురినీ అడుగుదామన్నాడు. మనింటి గుట్టు ఊరికంతా పంచుతావా అని అత్త ఆ ఫొటో లాక్కుని రైకలో దోపుకుంది.

తుమ్మలపెంట

అలవాటైన ఊరే కదా, కాలువ గట్టు ఇక్కడినుంచే పట్టుకుందామనుకున్నాం. టీ కొట్టు దగ్గర ఫొటో చూపించాను. అక్కడ నేను గమనించిన సంగతి తర్వాత దారి పొడవునా చూశాను. ఫొటో చేతికిస్తే ఎవరూ ముందు బొమ్మ చూడరు. తిప్పి వెనక చూస్తారు, ఏమైనా రాసి ఉందేమోనని. తర్వాత మన చెప్పులు చూస్తారు. ఆ తర్వాతే బొమ్మ.

"ఎకరాలెన్ని?" అని అడిగాడు టీ పోసే ఆయన.

మేం భూమి కోసం రాలేదన్నాను. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఈ తీరంలో కొన్నేళ్ళుగా భూములు ఎలా పెరిగాయో కావలి వాళ్ళకి చెప్పక్కర్లేదు. పాత కాగితమో పాత ఫొటోనో పట్టుకుని వచ్చినవాడు ఎవడైనా సరే, ఎవరి కాళ్ళ కింద నేలో లాక్కోవడానికి వచ్చినట్టే.

నవ్వని వాడు ఒకడే. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఆ ఇల్లు తనకి తెలుసంటూ ముందుకొచ్చాడు. మమ్మల్ని తోటల్లోంచి నడిపించి ఒక పాడుబడ్డ బంగళా ముందు నిలబెట్టాడు. దారిలో నా చెప్పు వారు తెగింది. ముళ్ళలో ఒంటికాలి చెప్పుతో నడిచాను. బంగళా పాతదే, మెట్లూ ఉన్నాయి. కానీ స్తంభాలు నలుపలకలు.

"గుండ్రంగా ఉండాల గదా నాయనా" అంది అత్త.

తర్వాత బాగుచేయించినప్పుడు నలుపలకలుగా మార్చారని చెప్పాడతను, తడుముకోకుండా. మా తాతకి వారసులు ఎంతమంది, అందరూ ఒక్క మాట మీద ఉన్నారా అని అడిగాడు. మీరు ఊఁ అంటే కాగితాల సంగతి నేను చూసుకుంటానన్నాడు. అత్త ఫొటో మళ్ళీ రైకలో దోపుకుని వెనక్కి తిరిగి నడిచింది. అతను నా నంబరు అడిగితే కొట్టులో పాత ల్యాండ్‌లైను నంబరు ఇచ్చాను. అది పనిచేసి చాలా కాలమైంది.

ఇసకపల్లి

మర్నాడు ఆటో మాట్లాడుకుని ఉప్పుమళ్ళ వైపు పోయాం. నేను చూడటం అదే మొదటిసారి. నేల మీద అద్దాలు పరిచినట్టుంటాయని ఎవరో చెప్పారుగానీ, నా కళ్ళకి ఆ తెలుపు భరించరానిదిగా తోచింది. ఎండలో ఉప్పు గోకుతున్న ఆడవాళ్ళ కళ్ళు చూస్తే ఎక్కువమందికి అద్దాలు అవసరమనిపించింది. కొట్టువాణ్ణి కదా, ఎక్కడికి పోయినా అదే చూపు. మా ఇంట్లో పొట్లాంలో కొనే ఉప్పు ధరకి ఇక్కడ గట్టు మీద చిన్న బస్తా వస్తుంది. అత్త ఒక ఉప్పుగల్లు నోట్లో వేసుకుని, "దీని కోసమే పోయేవాడంటావా?" అంది. నాతో కాదు.

మా వైపు ఇంటికొచ్చిన వాళ్ళని ముందు కూర్చోమంటారు, తర్వాత ఎవరని అడుగుతారు. ఇక్కడ వరస తిరగబడింది. ఎవరు, ఎవరి తాలూకు, ఎవరు పంపితే వచ్చారు, ఇవన్నీ తేలాకే మంచినీళ్ళు. ఒకాయన మేం మాట్లాడుతుండగానే మా ఆటో నంబరు ఫోనులో ఫొటో తీసుకున్నాడు. అడిగితే, ఊరికే అన్నాడు.

ఫొటోలోని కట్టడం మాత్రం ఇక్కడ ఒకాయన పోల్చాడు. ఇల్లు కాదు, ఉప్పాఫీసు అన్నాడు. దొరల కాలంలో ఉప్పు తూచి సుంకం కట్టించుకునే ఆఫీసులు కాలువెంట అక్కడక్కడా ఉండేవట. అన్నీ ఇదే నమూనా. ఇది ఎక్కడిదో తెలీదుగానీ, ఇక్కడిది మాత్రం కాదు, ఇక్కడి దానికి మెట్లు పక్కనుంటాయి అన్నాడు. అత్త ముఖం కొంచెం మారింది. ఇంకో సంసారం పెట్టినవాడు దాన్ని సర్కారు ఆఫీసులో పెట్టడు కదా అని నేనన్నాను. "ఆఫీసుకి బిడ్డల తల్లితో పనేంది?" అంది.

ఆ సాయంత్రం దిగిన లాడ్జీలో గుమాస్తా మా ఇద్దరి ఆధార్ కార్డులూ పట్టుకుని ఇంటిపేర్లు కలవలేదే అన్నాడు. మేనత్త ఇంటిపేరు ఎలా కలుస్తుందయ్యా అని అత్త చెప్పాక గదులిచ్చాడు. కింద హోటల్లో కారం దోసె మాత్రం బ్రహ్మాండం. ఎర్రకారం మీద వెన్న వేసి, అంచులు కరకరలాడేలా కాల్చాడు. అత్త రెండు తింది.

విడవలూరు

విడవలూరు సంతలో ఎండుచేపలు అమ్మే ఒక ముసలామెకు ఫొటో చూపించాను. ఒక్క చూపు చూసి తెలీదంది. ఆ చెప్పడంలో తొందర ఉంది. నేను లేచాను, అత్త లేవలేదు. గంప పక్కనే చతికిలబడి నెత్తళ్ళు ఏరింది. బేరం చేసింది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. పొట్లం కట్టించుకుని డబ్బులిచ్చాక, మేం వచ్చింది తండ్రి సంగతి తెలుసుకోవడానికని, నేల కోసం కాదని ఒక్క మాట అంది.

ఆ ముసలామె అటూ ఇటూ చూసింది. రొయ్యల చెరువులు దాటితే కాలువ గట్టు మీద చూడమంది. "నేను చెప్పినానని చెప్పబాకండి. ఆ ఇంటోళ్ళని ఇప్పటికే ఏడిపిస్తా ఉండారు."

కాలువ గట్టు

చెరువుల మధ్య ఇసుక బాటలో ఆటో దిగబడింది. డ్రైవరూ నేనూ తోశాం. చక్రాలు ఇంకా కిందికి పోయాయి. దాన్ని అతనికి వదిలేసి మేం నడిచాం. కాలువలో నీళ్ళకంటే తుంగే ఎక్కువ. మలుపు తిరగ్గానే కనపడింది. గుండ్రటి స్తంభాలు, మూడు కమానులు, కింద వెడల్పయ్యే మెట్లు. పెంకులు సగం పోయి, ఆ మేర నీలం టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. కమానుల కింద వలలు ఆరేశారు. అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

మెట్ల మీద నలభై ఐదేళ్ళ ఆడమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మేం దగ్గరికి రాకముందే, "ఎవరు పంపినారు మిమ్మల్ని?" అంది.

ఎవరూ పంపలేదన్నాను. ఆ మధ్య కారులో వచ్చిన వాళ్ళు కూడా ఇట్నే అన్నారంది. ఆ వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని, టేపు పెట్టి కొలిచి పోయారట. పదిరోజులు తిరక్కుండా ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చిందట. నేను మా ఫొటో చూపిస్తే ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది. కట్టడం బొమ్మ చూపించి మాదంటారు, అంతేగా అంది. లోపల ఏముందో చూద్దామని నేను తల వంచితే, వాకిలికి అడ్డంగా జరిగింది. ఏదో దాస్తోందనిపించింది. మేమేదో దాస్తున్నామని ఆమెకీ అనిపించినట్టే ఉంది.

అత్త ఎవర్నీ అడక్కుండా కింది మెట్టు మీద కూర్చుంది. ఎండకి ఆమెకి ఆయాసంగా ఉంది.

వలల వెనకనుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆమె తండ్రి. పేరు పోలయ్య, కూతురి పేరు రమణమ్మ అని తర్వాత తెలిసింది. ఒక కంట్లో శుక్లం ముదిరి తెల్లబడింది. ఆయన ఫొటో తిప్పి చూడలేదు. బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు బొమ్మనే చూశాడు.

"మా యమ్మ" అన్నాడు. "ఇట్నే కూచునేది, ఒక మోకాలు ఎత్తుకోని."

తర్వాత భుజం మీది తువాలు కొసతో ముఖం ఉండాల్సిన చోట తుడిచాడు. మరక పడిందనుకున్నాడు. పోకపోతే తువాలు తడిచేసి మళ్ళీ తుడవబోయాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మరక కాదన్నా. గీకేసినారు."

ఎందుకని అడిగాడాయన. అది తెలుసుకోవడానికే వచ్చామంది అత్త. తాను ఆ పక్కన నిలబడ్డ సాయిబు కూతుర్నని చెప్పింది. పోలయ్య ఆమెని కింది నుంచి పై దాకా చూశాడు. పెద్ద కూతురివా అని అడిగాడు. అవునంది. ఆయన అత్తకి ఎదురుగా, అదే మెట్టు మీద కూర్చున్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆయన తండ్రి ఉప్పాఫీసుకి కాపలా మనిషి. తల్లి పేరు కోటమ్మ. ఒక ఏడు కావలిలో అమ్మవారు పోసి ఇళ్ళకిళ్ళు మంచం పట్టాయి. మా జేజికీ పోసింది. ఒళ్ళో నెలల బిడ్డ. ఆ బిడ్డకి సోకకుండా మా తాత పడవలో తీసుకొచ్చి ఈ మెట్ల మీద దింపాడు. కోటమ్మకి చిన్నప్పుడే అమ్మవారు తేలిగ్గా పోసి, మచ్చలు కూడా మిగలకుండా తగ్గింది, అందుకని ఆమెకి భయం లేదు. అప్పుడే ఆమెకి కాన్పులో బిడ్డ పోయింది. పాలున్నాయి. ఆ బిడ్డకి ఇచ్చింది. బిడ్డ అడుగులు నేర్చిందాకా ఇక్కడే పెరిగింది. ఉప్పు ఇన్‌స్పెక్టరు దగ్గర కెమెరా ఉంటే, ఆయనే సరదాపడి ఈ ఫొటో తీశాడు.

"ఆ ఒళ్ళో ఉండే బిడ్డ?" అన్నాను నేను, అర్థమవుతూనే.

"ఈమే" అన్నాడు.

అత్త ఆయన చేతిలోంచి ఫొటో తీసుకుని ఆ బిడ్డనే చూసింది. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఇల్లు పోతుందని భయపడుతున్న మనిషి. ఊరు పేరు, తాత వ్యాపారం మేమే చెప్పాం. మమ్మల్ని బంధువుల్ని చేసేసుకుంటే మేం దావా వెయ్యమని లెక్క వేసుకుని ఉండొచ్చు. తుమ్మలపెంట తెల్లచొక్కా కూడా తడుముకోకుండానే చెప్పాడు కదా. ఆనవాలు ఏమైనా ఉందా అని సూటిగా అడిగాను.

పోలయ్య తల వంచుకున్నాడు. అప్పుడు ఆయనకి మూడేళ్ళుంటాయట. పొయ్యిలో కాలే కట్టె లాగి ఆడుకుంటూ కింద పడేశాడు. బిడ్డ దాన్ని తొక్కింది. "మా యమ్మ పోయిందాకా దెప్పుతానే ఉండె, సాయిబు బిడ్డ కాలు కాల్చినావని."

అత్త కదలకముందే, ఏ కాలని అడిగాను. ఎడమ కాలన్నాడు.

అత్త ఎడమకాలి చెప్పు విప్పి, పాదం మోకాలి మీద పెట్టుకుని మా వైపు తిప్పింది. అరికాలి మధ్యలో, రూపాయి బిళ్ళ కంటే పెద్దగా, నున్నటి మచ్చ. నేను పుట్టినప్పటినుంచి ఆమెని చూస్తున్నాను. ఆ మచ్చ ఉందని నాకు తెలీదు. అది పుట్టుమచ్చ అని జేజి చెప్పేదట.

పోలయ్య ఆ పాదాన్ని వేళ్ళతో తాకి, గబుక్కున చెయ్యి తీసేసుకున్నాడు.

మిగతాది అత్తే అడిగి చెప్పించుకుంది. జబ్బు తగ్గి, ఊళ్ళో అమ్మవారు చల్లబడ్డాక మా జేజి బిడ్డ కోసం స్వయంగా పడవెక్కి వచ్చింది. నాకు తెలిసిన జేజి ముఖం నిండా స్ఫోటకం గుంటలే. అప్పుడవి ఇంకా ఎర్రగా ఉండుంటాయి. ఆ ముఖం చూసి బిడ్డ జడుసుకుంది. కెవ్వున ఏడ్చి కోటమ్మ మెడ కరుచుకుంది. ఎన్నిసార్లు అందించినా పోలేదు. జేజి ఈ మెట్ల మీదే సాయంత్రం దాకా కూర్చుంది. చివరికి కోటమ్మ బిడ్డకి పాలిచ్చి నిద్రపుచ్చి, నిద్రలోనే తల్లి ఒళ్ళో పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది. మూడు రోజులు అన్నం తినలేదంట.

నేను అత్త వైపు చూడలేకపోయాను. కాలువ వైపు చూస్తూ కూర్చున్నాను.

రమణమ్మ ఇంకా చేతులు కట్టుకునే ఉంది. "అంతా బాగానే ఉండాది పెద్దమ్మా. రేపు ఇదే ఫొటో పట్టుకోని మీ వాళ్ళెవరన్నా వస్తే?" అంది.

అత్త లేచి నిలబడింది. "ఈ జాగాతో మా ఇంట్లో ఎవరికీ పనిలేదు. నేను ఈడ పాలు తాగినాను. అంతకుమించి మావి ఈడ ఏమీ లేవు. ఎవరొచ్చి అడిగినా నా పేరు చెప్పు, నేనే వచ్చి చెప్తా."

మా మతంలో ఒక తల్లి పాలు తాగినవాళ్ళు తోబుట్టువులతో సమానం. వాళ్ళ మధ్య పెళ్ళి కూడా కుదరదు. అత్త ఆ సంగతి చెబితే పోలయ్య తల ఊపాడు. అంత లెక్క ఆయనకి తెలీదుగానీ, బాగుందన్నాడు.

అప్పుడు గానీ మాకు మంచినీళ్ళు రాలేదు. ఆ వెనకే అన్నమూ వచ్చింది. పచ్చిమామిడి వేసిన చేపల పులుసు, నిన్నటిది. అందుకే అంత రుచి. మా ఇంట్లో పులుసు ఏ పూటకి ఆ పూట చేస్తాం. వీళ్ళు రాత్రి చేసి పొద్దున తింటారు. అత్త తింటూ, కోటమ్మ ముఖం ఎట్లా ఉండేదని అడిగింది. పోలయ్య గడ్డంతో కూతుర్ని చూపించాడు. అచ్చం ఇదేనన్నాడు. అత్త ముద్ద చేతిలో పట్టుకునే రమణమ్మని చూస్తూ ఉండిపోయింది. రమణమ్మకి ఇబ్బందయింది.

"ఇంతకీ మా అవ్వ ముఖం గీకింది ఎవరు?" అని అడిగింది.

"మా అమ్మే అయ్యుంటాది" అంది అత్త.

రమణమ్మ గిన్నెలో గరిటె తిప్పింది. "నేనైనా గీకేసుందును" అంది. తర్వాత, "ఇంకో ముక్క వేసుకో అత్తా" అంది.

తిరుగు దారి

పోలయ్య ఫొటో నకలు అడిగాడు. ఇల్లు నిలుపుకోడానికి సర్కారు ఆఫీసులో చూపించడానికా అన్నాను. నా అనుమానం నాది. దాచుకోకుండా అవునన్నాడు. దానికీ పనికొస్తుంది, ఇంట్లో పెట్టుకోడానికీ పనికొస్తుంది, అమ్మది ఇంకొకటి లేదన్నాడు. కావలి రాగానే నాలుగు నకళ్ళు తీయించి పంపాను. ఇల్లు ఇంతవరకూ ఖాళీ చేయించలేదని రమణమ్మ ఫోనులో చెబుతుంటుంది. ఆమె చేసేది నాకు కాదు, అత్తకి. శుక్లం ఆపరేషనుకి పోలయ్యని తీసుకురమ్మంటే, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి ఎవరన్నా తాళం వేస్తారని రావడం లేదు.

ఆ రోజు మేం బయల్దేరేటప్పుడు డ్రైవరు ఎవరి ట్రాక్టరో పెట్టి ఆటోని బయటికి లాగించాడు. పోలయ్య గట్టు మలుపు దాకా మాతో నడిచొచ్చాడు. ఆటో ఎక్కుతుంటే ఆయన ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. సాయిబు ఆ తర్వాత కూడా వచ్చేవాడంట, పడవలు తిరిగినంత కాలం. వచ్చినప్పుడల్లా ఆ మెట్ల మీద కూర్చుని పోయేవాడంట. "మా నాయన పోయినాక గూడా వచ్చినాడు" అన్నాడు.

అత్త కొంగు తల మీదికి లాక్కుని, పోయొస్తాం అన్నా అంది.

విడవలూరు దాటిందాకా నేను ఆగాను. తర్వాత ఆగలేక, తాత అన్నేళ్ళపాటు ఎందుకు వచ్చేవాడో అడగలేదేం అత్తా అన్నాను. ఆమె రోడ్డు పక్క వరి మళ్ళు చూస్తోంది.

"అడిగితే చెప్పేస్తాడు బాషా" అంది.